ఉదయం నుంచి రాత్రి దాకా ఏం చేస్తారో చెప్పండమ్మా

మొన్న గురువారం చిట్టికి చెవి పరీక్ష ఉంటే ఆసుపత్రికి వెళ్ళాం. ఓపీ బయట బెంచీ మీద నా పక్కన ఒక అమ్మాయి కూర్చుంది. ఇరవై మూడో ఇరవై నాలుగో ఉంటాయి. ఒళ్ళో ఎనిమిది నెలల బాబు. బాబు మొహం చూడగానే నాకు తెలిసిపోయింది. ఆ అమ్మాయి కూడా చిట్టిని చూసి నావైపు జరిగింది. "అక్కా, మీ పాపక్కూడా డౌన్ సిండ్రోమేనా?" అంది. అవునన్నాను. అప్పటికి చిట్టి నా బ్యాగులోంచి నీళ్ళ సీసా తీసి, మూత తనకు రాకపోతే నా చేతిలో పెట్టి "తియ్" అంటోంది. ఆ అమ్మాయి కాసేపు అదే చూసింది. తర్వాత మెల్లగా అడిగింది. "రోజుకి ఎన్ని గంటలు థెరపీ చేయిస్తారక్కా?"

నేను నోరు తెరిచేలోపే మా టోకెన్ పిలిచారు. పరీక్ష అయ్యి బయటికొచ్చేసరికి ఆ అమ్మాయి లేదు. ఇంటికొచ్చాక కూడా ఆ ప్రశ్న నన్ను వదల్లేదు. మూడేళ్ళ కిందట దొరికిన ప్రతి డాక్టర్నీ, ప్రతి తల్లినీ నేనూ అదే అడిగాను. ఎన్ని గంటలు? ఏ సెంటర్లో? ఎవరు బాగా చేస్తారు? అప్పట్లో నన్నెవరైనా కూర్చోబెట్టి చెప్పి ఉంటే బాగుండేది అనిపించే మాటలు ఇక్కడ రాస్తున్నాను. ఆ అమ్మాయికి ఇది చేరుతుందో లేదో తెలియదు. అలాంటి ఇంకో అమ్మాయికి చేరినా మంచిదే.

మేం ఉండేది సికింద్రాబాద్ బోయిన్‌పల్లిలో. మావారికి బాలానగర్‌లో ఫ్యాక్టరీ ఉద్యోగం, షిఫ్టులు మారుతుంటాయి. అత్తయ్యది తెనాలి. మామయ్యగారు పోయాక మా దగ్గరే ఉంటున్నారు. చిట్టి అన్నయ్య, మా బాబు, మూడో తరగతి. చిట్టికి ఇప్పుడు మూడేళ్ళ నాలుగు నెలలు. పుట్టిన మూడు వారాలకు కార్యోటైప్, అంటే క్రోమోజోములు లెక్కపెట్టే పరీక్ష, రిపోర్టు వచ్చింది. మనిషి కణంలో 46 క్రోమోజోములుంటే మా పాపకు 47. ఇరవై ఒకటో క్రోమోజోము రెండుకు బదులు మూడు. అందుకే మూడో నెల ఇరవై ఒకటో తారీఖున, అంటే మార్చి 21న, డౌన్ సిండ్రోమ్ దినం జరుపుతారని తర్వాత తెలిసింది. గుండె స్కానింగులో చిన్న రంధ్రం కనిపించింది, అది ఏడాదిన్నరకు దానంతటదే మూసుకుపోయింది. ఈ పిల్లల్లో దాదాపు సగం మందికి గుండెలో ఏదో ఒక లోపం ఉంటుంది. కాబట్టి పాప బాగానే ఆడుకుంటోంది కదా అని ఎకో, అంటే గుండె స్కానింగు, చేయించడం మానకండి. థైరాయిడ్ కూడా అంతే. పుట్టినప్పుడు, ఆరో నెలలో, ఏడాదికి, ఆ తర్వాత ఏటా చూపించుకోవాలి.

మూడో నెల నుంచి థెరపీ మొదలుపెట్టాం. వారానికి రెండుసార్లు, సారికి ముప్పావుగంట. నేను వెళ్ళిన చోట తల్లిని లోపలికి రానిచ్చేవారు కాదు. చిట్టిని తీసుకెళ్ళి తలుపేసేవారు. నేను బయట కుర్చీలో కూర్చుని ఏడుపు వినేదాన్ని. ముప్పావుగంటయ్యాక పాపను చేతికిచ్చి, ఒక కాగితం మీద వ్యాయామాలు రాసిచ్చేవారు. ఇంటి దగ్గర రోజుకు గంట చేయించమనేవారు. బంతి మీద బోర్లా పడుకోబెట్టడం ఇన్నిసార్లు, పక్కకు దొర్లించడం ఇన్నిసార్లు, గిలక్కాయ చూపించి తల తిప్పించడం ఇన్నిసార్లు.

నేను బుద్ధిగా చేశాను. బాబును స్కూలుకు పంపి, వంట ముగించి, పదకొండు గంటలకు చాప పరిచేదాన్ని. పెద్ద బంతి కొన్నాం. రంగురంగుల బొమ్మలు కొన్నాం. పదకొండుకు చిట్టికి నిద్రొచ్చే వేళ. ఐదు నిమిషాలకు ఏడుపు మొదలయ్యేది. అయినా కాగితంలో ఉన్నవి పూర్తి చేయాలి కదా అని నేను పట్టు వదిలేదాన్ని కాదు. చివరికి ఇద్దరం ఏడ్చేవాళ్ళం. ఏ రోజైనా చుట్టాలొచ్చో జ్వరమొచ్చో ఆ గంట తప్పిపోతే, నా వల్లే పిల్ల వెనకబడిపోతోందని రాత్రంతా టెన్షన్. నాలుగు నెలలు అలాగే గడిచాయి. చాప చూస్తే చాలు చిట్టి మొహం ముడుచుకునేది. తల్లి మొహం చూసి నవ్వాల్సిన వయసులో నన్ను చూసి భయపడుతోందేమో అని నాకు దిగులు పట్టుకుంది.

ఏడో నెలలో తెలిసినవాళ్ళ ద్వారా ఇలాంటి పిల్లలకు నేర్పే ఒక స్పెషల్ ఎడ్యుకేటర్ మా ఇంటికి వచ్చారు. మేమంతా మేడమ్ అంటాం. యాభై దాటిన మనిషి, నూలు చీర, చేతిలో ఒక నోట్‌బుక్ తప్ప ఏమీ లేదు. బొమ్మల సంచీ తెస్తారనుకున్నాను, తేలేదు. చాప పరవబోతే వద్దన్నారు. కాఫీ తాగి, నోట్‌బుక్ తెరిచి, "ఉదయం లేచినప్పటి నుంచి రాత్రి పడుకునే దాకా మీ ఇంట్లో ఏం జరుగుతుందో చెప్పండమ్మా" అన్నారు.

నేను థెరపీ కాగితం గురించి చెప్పబోయాను. "అది కాదు, మామూలుగా మీ రోజు చెప్పండి" అన్నారు. చిట్టి ఎన్నింటికి లేస్తుంది, లేవగానే ఎవరెత్తుకుంటారు, పాలు ఎక్కడ కూర్చుని ఇస్తారు, స్నానం ఎవరు పోస్తారు, ఆ సమయంలో బాబు ఏం చేస్తుంటాడు, మధ్యాహ్నం అన్నం ఎవరు పెడతారు, ఆయన ఇంటికి రాగానే పాప ఏం చేస్తుంది. ప్రతిదానికీ ఒకటే అడిగేవారు. "ఆ టైములో మీకెలా ఉంటుంది? హాయిగా గడుస్తుందా, కష్టంగా ఉంటుందా?" అప్పటిదాకా నాకెలా ఉందని ఏ ఆసుపత్రిలోనూ ఎవరూ అడగలేదు. గంటన్నర మాట్లాడాను. మధ్యలో ఏడ్చాను కూడా. ఆవిడ రాసుకుంటూనే ఉన్నారు.

చివర్లో ఆవిడ చెప్పిన లెక్క నాకిప్పటికీ గుర్తుంది. వారానికి 168 గంటలు. పాప రోజుకు పన్నెండు గంటలు పడుకుంటుందనుకుంటే మెలకువగా ఉండేది 84 గంటలు. అందులో సెంటర్లో గడిచేది గంటన్నర. "మిగతా ఎనభై రెండున్నర గంటలు పాప మీ దగ్గరే ఉంటుంది. ఆ గంటన్నరలో పాపకు నేర్పడం కంటే, మిగతా వేళల్లో ఏం చేయొచ్చో మీకు చూపించడమే నా పని" అన్నారు. పిల్లలు ఒకేసారి గంటసేపు కూర్చుని నేర్చుకోరట. ఒకే పని రోజూ అదే వేళకు, అదే మనిషి చేతిలో, కొంచెం కొంచెంగా, అవసరం పడి చేస్తే వస్తుందట. స్నానం రోజూ ఉంటుంది, అన్నం రోజుకు మూడుసార్లు, బట్టలు మార్చడం ఐదారుసార్లు. కొత్తగా టైము కేటాయించే పనే లేదు.

ఇలా ఇంటి దినచర్యను అడిగి తెలుసుకుని అందులోంచి ప్లాన్ తయారు చేసే పద్ధతిని అమెరికాలో రాబిన్ మెక్‌విలియం అనే ఆయన బాగా ప్రచారంలోకి తెచ్చారని ఆవిడే చెప్పారు. డాలస్‌లో ఉండే మా పిన్నికూతురిని అడిగితే, వాళ్ళ బాబుకు మాటలు ఆలస్యమైనప్పుడు థెరపిస్టు ఇంటికే వచ్చి, వంటింట్లో కూర్చుని, వాళ్ళ గిన్నెలూ గరిటెలతోనే చేయించేదని చెప్పింది. అక్కడ 1986లో వచ్చి, ఆ తర్వాత సవరించిన చట్టం ప్రకారం మూడేళ్ళలోపు పిల్లలకు సహాయం వీలైనంతవరకు వాళ్ళు మామూలుగా ఉండే చోటే అందాలి. ప్లాన్ కూడా పిల్ల ఒక్కదాని పేరున కాకుండా కుటుంబం మొత్తానికి రాస్తారట. మనకు అంత ఏర్పాటు లేదు. కానీ మన ఇళ్ళల్లో నాయనమ్మలున్నారు, పీటలున్నాయి, నలుగు స్నానాలున్నాయి. దాన్ని మేడమ్ నాకంటే ముందు చూశారు.

స్నానం సంగతి చెప్తాను. చిట్టికి స్నానం పోసేది అత్తయ్య. చిన్న పీట మీద కూర్చుని, కాళ్ళు బారచాపి, పాపను కాళ్ళ మీద పడుకోబెట్టుకుని నువ్వులనూనె రాసి, సున్నిపిండితో నలిచి, వేడినీళ్ళు పోసి, సాంబ్రాణి వేస్తారు. థెరపీ మొదలైనప్పటి నుంచి నాకది పాతకాలం పద్ధతనీ, మాన్పించాలనీ లోపల ఉండేది. మేడమ్ మాత్రం రెండోసారి వచ్చినప్పుడు సరిగ్గా స్నానం వేళకే వచ్చారు. "పెద్దమ్మగారూ, మీరెలా పోస్తారో నాకు చూపించండి" అని బాత్‌రూమ్ గుమ్మం దగ్గర స్టూలేసుకుని కూర్చున్నారు.

అత్తయ్య వీపు రుద్దడానికి పాపను కాళ్ళ మీద బోర్లా తిప్పారు. చాప మీద బోర్లా వేస్తే గుక్కపట్టే చిట్టి, అక్కడ ఏడవలేదు. మేడమ్ నన్ను పిలిచి చూపించారు. డౌన్ సిండ్రోమ్ పిల్లలకు ఒంట్లో బిగువు తక్కువ. మెడా, వీపూ గట్టిపడాలంటే బోర్లా ఉండి తలెత్తాలి. బంతి మీద నేను చేయించలేకపోయింది అత్తయ్య కాళ్ళ మీద రోజూ జరుగుతోంది. "ఇంకొక్క రెండు నిమిషాలు ఇలాగే ఉంచండి పెద్దమ్మగారూ. ఎదురుగా అన్నయ్యను కూర్చోమనండి, వాణ్ణి చూడ్డానికి తలెత్తుతుంది" అన్నారు. బాబు ఎదురుగా కూర్చుని చెంబు మీద దరువు వేసేవాడు. చెల్లి తలెత్తి చూసేది. రెండు క్షణాలు, తర్వాత ఐదు, తర్వాత పది. లెక్క పెట్టే బాధ్యత వాడే తీసుకున్నాడు.

మాన్పించాల్సినవి కూడా ఉన్నాయి. చెవుల్లో, ముక్కులో నూనె చుక్కలు వేయడం, ముక్కులోకి ఊదడం, ముక్కు నొక్కి సాగదీయడం, తల గుండ్రంగా రావాలని ఒత్తడం. నూనె ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రమాదం. ఈ పిల్లలకు చెవి లోపలి దారులు సన్నగా ఉంటాయి. మెడ ఎముకలు వదులుగా ఉండే అవకాశం ఉంది కాబట్టి మెడను విరిచినట్టు తిప్పకూడదు. ఇదే మాట నేను చెప్పినప్పుడు "నలుగుర్ని పెంచానమ్మాయ్" అని అత్తయ్య చిన్నబుచ్చుకున్నారు. రెండు రోజులు నాతో సరిగా మాట్లాడలేదు. మేడమ్ ముందు ఆవిడ చేతిపనిని మెచ్చుకుని, బోర్లా వేసే పని ఆవిడకే అప్పగించి, ఆ తర్వాత నూనె చుక్కల మాట ఎత్తారు. అత్తయ్య ఒక్క ప్రశ్న వేయకుండా మానేశారు. నేను ఆ పనిని ఎంత మొరటుగా చేశానో ఆ రోజు తెలిసి బాధపడ్డాను. ఇంట్లో పెద్దవాళ్ళను తప్పించి పిల్లను పెంచుదామనుకునే తల్లులకు ఇది ప్రత్యేకంగా చెబుతున్నాను. పిల్లను రోజులో సగం ఎత్తుకునేది వాళ్ళే.

ఎత్తుకోవడంలో కూడా ఒకటి మార్చుకున్నాం. చిట్టిని పడుకోబెడితే కాళ్ళు కప్పకాళ్ళలా రెండుపక్కలా విచ్చుకుపోయేవి. చంకనెత్తుకుంటే నడుముకు అటొకటి ఇటొకటి కాళ్ళు ఇంకా ఎడమవుతాయి, తుంటి దగ్గర అదే అలవాటైపోతుంది. అందుకని వీపు మన పొట్టకు ఆనించి, రెండు తొడలూ దగ్గరగా ఉండేలా కింద చెయ్యి వేసి, మొహం బయటికి పెట్టి ఎత్తుకోమన్నారు. మొదట్లో చేతులు పీకేవి. కానీ అలా ఎత్తుకుంటే పాపకు వీధంతా కనిపిస్తుంది. కూరగాయల బండి వస్తే అత్తయ్య అలాగే గేటు దాకా తీసుకెళ్ళి, టమాటా ఒకటి, వంకాయ ఒకటి చేతికిచ్చేవారు. చీర ఉయ్యాలను నిద్రకు మాత్రమే ఉంచాం. మెలకువ రాగానే నేల మీదికే.

ఇక తిండి. మా ఇంట్లో అన్నిటికంటే కష్టమైన వేళ మధ్యాహ్నం అన్నం. చిట్టి నాలుక ముందుకు తోసేది, పెట్టిందంతా బయటికొచ్చేది. నేను తల వెనక్కి వంచి నోట్లో వేసేదాన్ని. అది పొరబోవడానికి దారి. మేడమ్ ఒక మూల చూసి, రెండు గోడలూ వీపుకు ఆనేలా పాపను కూర్చోబెట్టి, పాదాలు గాల్లో వేలాడకుండా కింద ఇంకో పీట వేశారు. పాదాలు ఆనితే నడుము నిలుస్తుంది, నడుము నిలిస్తే దవడ కుదురుకుంటుంది. చెంచా చిన్నది, లోతు తక్కువది. ఎదురుగా తెచ్చి, నాలుక మధ్యలో కాస్త కిందికి ఒత్తి, పై పెదవి దానంతటది మూసుకునేదాకా ఆగి, నేరుగా బయటికి తీయాలి. పై పెదవికి గీరి నోట్లోకి వదిలేస్తే పెదవికి పనే ఉండదు. మెత్తటి పప్పన్నం, నెయ్యి, రాగిజావ, మెదిపిన ఇడ్లీ. తిండి మాదే, కూర్చునే తీరు మారింది. మూడు వారాల్లో బయటికొచ్చేది సగానికి సగం తగ్గింది.

తర్వాత తర్వాత మరమరాలు. స్టీలు పళ్ళెంలో నాలుగైదు వేస్తే మొదట గుప్పిటతో ఊడ్చేది. ఏడాది దాటాక బొటనవేలూ చూపుడువేలూ కలిపి ఒక్కొక్కటీ తీయడం వచ్చింది. మరమరం నోట్లో కరిగిపోతుంది కాబట్టి మేడమ్ ఒప్పుకున్నారు. వేరుశనగ గుళ్ళు, శనగలు, ద్రాక్షలాంటివి మాత్రం దగ్గరకు రానివ్వలేదు. గొంతుకు అడ్డంపడతాయి. కొబ్బరిబొండాం స్ట్రాతో తాగడం నేర్పింది మావారు. పెదవులు బిగించి పీల్చడం ఈ పిల్లలకు మంచి కసరత్తట. ఆదివారం సాయంత్రం తండ్రీకూతుళ్ళు బొండాం బండి దగ్గరకు వెళ్ళడం అలా మొదలైంది. ఇప్పటికీ వెళ్తారు.

తింటున్నప్పుడు ఆగడం నేర్చుకోమని మేడమ్ పదేపదే చెప్పేవారు. నాకది అన్నిటికంటే కష్టంగా ఉండేది. ఒక ముద్ద పెట్టాక రెండోది చేతిలో పట్టుకుని, "ఇంకా?" అని అడిగి, మనసులో పది లెక్కపెట్టుకోవాలి. మనం అడుగుతాం, జవాబు రాకముందే మనమే చెప్పేస్తాం. ఈ పిల్లలకు విన్నది అర్థమై, చెయ్యో నోరో కదలడానికి టైము పడుతుంది. ఆ పది అంకెల్లో చిట్టి ముందు నా చేతివైపు చూసేది. కొన్నాళ్ళకు కాలు ఆడించేది. రెండు చేతుల వేళ్ళూ దగ్గరకు చేర్చి చూపించే "ఇంకా" సైగను నేనూ, అత్తయ్యా, బాబూ ప్రతి ముద్దకూ చేస్తూ వచ్చాం. పదిహేనో నెలలో ఒక మధ్యాహ్నం పప్పన్నం గిన్నె పక్కన పెట్టి ఫోన్ ఎత్తాను. చూస్తే చిట్టి వేళ్ళు కలిపి నావైపు చాపుతోంది. ఫోన్లో అవతలివాళ్ళు ఏం మాట్లాడారో నాకు గుర్తులేదు.

సైగలు నేర్పితే ఇక మాటలు రావని చుట్టాలు భయపెట్టారు. అది నిజం కాదు. మాట రాని పిల్లకు సైగ దారి చూపిస్తుంది, మాట వచ్చాక సైగ దానంతటదే జారిపోతుంది. చిట్టికి "నీ" అనడం ఇరవై రెండో నెలలో వచ్చింది. నీళ్ళకు. రెండు నెలలు సైగా మాటా కలిపి వాడింది, తర్వాత నీళ్ళ సైగ మానేసింది.

చెవి సంగతి బయటపడింది కూడా స్నానం దగ్గరే. కూర్చుని పోసుకునే వయసొచ్చాక అత్తయ్య ఒక ఆట పెట్టారు. చెంబు ఎత్తి "ఒకటి... రెండు..." అని ఆగుతారు. చిట్టి ఊపిరి బిగబట్టి, భుజాలు పైకెత్తి, ఎదురుచూస్తుంది. "మూడు" అనగానే నీళ్ళు. పద్నాలుగో నెలలో ఒకరోజు నేను వెనకనుంచి అదే లెక్క పెట్టాను. చిట్టిలో చలనం లేదు. గట్టిగా అన్నాను, లేదు. చెంబు కనిపిస్తేనే ఎదురుచూస్తోంది, గొంతు వినపడి కాదు. వెంటనే మేడమ్‌కు ఫోన్ చేస్తే ఈఎన్‌టీకి చూపించమన్నారు. కర్ణభేరి వెనక నీరు చేరింది. చెవి దారులు సన్నగా ఉండే ఈ పిల్లల్లో అది చాలా మామూలట. వైద్యం జరిగాక వారానికే తేడా తెలిసింది. అందుకే ఇప్పటికీ ఆరు నెలలకోసారి చెవి పరీక్ష మానను.

ఇదెందుకు చెబుతున్నానంటే, ఇంటి పనుల్లోనే అన్నీ నేర్పేయొచ్చు, డాక్టర్లూ థెరపిస్టులూ అక్కర్లేదు అని నేననడం లేదు. చిట్టికి ఫిజియోథెరపీ ఆగలేదు, స్పీచ్ థెరపీ ఇప్పటికీ నడుస్తోంది. మారింది ఏంటంటే, ఇప్పుడు నేను లోపల కూర్చుంటాను. "ఈ వారం ఇది చేయించండి" అంటే "మా ఇంట్లో ఏ పనిలో ఇది కుదురుతుంది?" అని అడుగుతాను. జవాబు చెప్పగలిగిన థెరపిస్టు దగ్గరే ఉన్నాం. చెప్పలేని చోటు మానేశాం.

బట్టల దగ్గర నేర్చుకున్న ఉపాయం ఒకటి చాలా పనికొచ్చింది. పనిని వెనకనుంచి నేర్పడం. గౌను తొడగడంలో తల దూర్చడం, చేతులు దూర్చడం అన్నీ నేనే చేసి, పొట్ట మీద ముడతపడ్డ గౌనును కిందికి లాగడం ఒక్కటే చిట్టికి వదిలేదాన్ని. లాగగానే పని పూర్తి. పూర్తి చేసింది తనే కాబట్టి మొహం వెలిగిపోయేది. అది బాగా వచ్చాక రెండో చెయ్యి దూర్చడం కూడా తనకే. అలా ఒక్కో మెట్టూ వెనక్కి జరుగుతూ ఎనిమిది నెలలు పట్టింది. మొదటి నుంచి నేర్పితే మధ్యలో విసిగి ఏడుస్తుంది, చివర మనం పూర్తి చేస్తాం, ఓడిపోయానన్న రుచి మిగులుతుంది.

అయితే మేడమ్ రెండు పనుల కంటే ఎక్కువ ఎప్పుడూ ఇవ్వలేదు. నేను ఉత్సాహం కొద్దీ అన్నిట్లోనూ నేర్పబోతే ఆపారు. ఉదయం ఏడున్నర నుంచి ఎనిమిదిన్నర దాకా మా ఇల్లు ఇల్లులా ఉండదు. బాబు క్యారేజీ, ఆయన షిఫ్టు, నీళ్ళ మోటారు. ఆ గంటలో నేర్పడం ఏమీ వద్దన్నారు. గౌను మీరే తొడిగేయండి, పాలు మీరే పట్టేయండి, ఎత్తుకోండి, ముద్దుపెట్టుకోండి, అంతే అన్నారు. తల్లికి తల్లిగా ఉండే వేళ కూడా కావాలి కదమ్మా అన్నారు. నాకు ఆ మాటతో భుజాల మీంచి మూట దించినట్టయింది. ఇంటి పనులన్నిట్నీ థెరపీగా మార్చేస్తే చాప తీసేసి ఇల్లంతా చాప పరిచినట్టే అవుతుంది. అది కూడా పిల్లలకు తెలిసిపోతుంది.

నడక గురించి అందరూ అడుగుతారు. డౌన్ సిండ్రోమ్ పిల్లలు సగటున రెండేళ్ళ అటూ ఇటూగా నడుస్తారు, కొందరు ఇంకా ఆలస్యంగా. చిట్టి ఇరవై ఏడో నెలలో నడిచింది. వాకర్ వాడలేదు. దివాన్ పట్టుకుని నిలబడడం, దాని వెంబడి పక్కపక్కకు అడుగులేయడం నెలల తరబడి సాగింది. దివాన్‌కూ వీధి తలుపుకూ మధ్య నాలుగడుగుల ఖాళీ. సాయంత్రం బండి చప్పుడు వినగానే నాన్న బూట్ల దగ్గరకు వెళ్ళడం తన పని. సాక్సు కొస పట్టుకుని లాగితే ఆయన "అమ్మో" అని వెనక్కి పడాలి. రోజూ ఆ ఖాళీ దగ్గర కూర్చుండిపోయి పాకేది. ఒక సాయంత్రం కూర్చోలేదు. ఆయన గుమ్మంలో ఒక బూటుతో అలాగే నిలబడిపోయారు. చిట్టి సాక్సు కోసం చెయ్యి చాపింది, ఆయన పడలేదని కోప్పడింది.

ఆ బెంచీ మీద అమ్మాయికి చెప్పాల్సిన వివరాలు ఇంకొన్ని. మన దగ్గర 2013 నుంచి రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం అని పిల్లల ఆరోగ్య పరీక్షల ప్రభుత్వ పథకం నడుస్తోంది. పుట్టినప్పటి నుంచి పద్దెనిమిదేళ్ళ దాకా పిల్లలకు ఉచితం. ఆ టీములు అంగన్‌వాడీలకు ఏడాదికి రెండుసార్లు వస్తాయి. వాళ్ళు రాసిస్తే చిన్న వయసులోనే సాయం మొదలుపెట్టే, జిల్లా స్థాయిలో ఉండే ఎర్లీ ఇంటర్వెన్షన్ సెంటర్‌కు, అదే డీఈఐసీకి, పంపిస్తారు. ఆశా కార్యకర్త మూడో నెల నుంచి పదిహేనో నెల దాకా ప్రతి మూడు నెలలకూ ఇంటికి రావాలి. తల్లీబిడ్డల కార్డులో ఏ వయసుకు ఏం చేయాలో బొమ్మలున్నాయి, ఆవిడ వచ్చినప్పుడు ఆ పేజీ తీసి అడగండి. హైదరాబాద్ దగ్గర ఉంటే మనోవికాస్‌నగర్‌లో బుద్ధి ఎదుగుదలలో వెనకబడినవాళ్ళ కోసం 1984లో పెట్టిన జాతీయ సంస్థ ఉంది. పాతవాళ్ళు ఎన్‌ఐఎంహెచ్ అంటారు, ఇప్పుడు పేరు మారింది. అక్కడ చిన్నపిల్లల విభాగం ఉంది. మా వంశంలో అందరూ ఆలస్యంగానే మాట్లాడారు, చూద్దాంలే అనే మాట మాత్రం వినకండి. చూపించి, ఏమీ లేదని తేలితే నష్టం లేదు.

చెల్లీ, రోజుకు ఎన్ని గంటలని అడిగావు. ముందు మీ రోజు రాసుకో. లేచిన దగ్గర నుంచి. ఏ వేళ హాయిగా ఉంటుంది, ఏ వేళ ఏడుపొస్తుంది. కష్టమైన వేళ ఒకటి, హాయిగా ఉండే వేళ ఒకటి తీసుకుని మీ థెరపిస్టుకు చూపించు. ఆ రెండింటితో మొదలుపెట్టు. చాప పరిచే గంట కుదరని రోజు ఏడవకు.

మా ఇంట్లో ఈ వారం నడుస్తున్నది చెప్పుల పని. పది గంటలకు అంగన్‌వాడీకి బయలుదేరాలి. పట్టీ అంటించడం వచ్చేసింది, ఇప్పుడు కాలు దూర్చడం దగ్గర ఉన్నాం. ఐదారు నిమిషాలు పడుతోంది. అత్తయ్య సంచీ భుజానికి తగిలించుకుని గుమ్మంలో నిలబడి "కానీ తల్లీ, నాకేం తొందర లేదు" అంటారు. నిన్న కుడి చెప్పు ఎడమ కాలికి, ఎడమది కుడికి వేసుకుంది. అత్తయ్య మార్చలేదు. ఇద్దరూ అలాగే వీధి చివరి దాకా వెళ్ళారు.